కాగితం మీది కుర్చీకి కర్ర ఒప్పుకుంటుందా?

పెళ్ళిపీటలు చేయించబోతే వడ్రంగి అడిగే మొదటి మాట "ఏ కర్రండీ?" అని. పనస అయితే ఒక మందం, మామిడి అయితే ఇంకొక మందం. రూపం మాట ఆ తరువాత. కార్ఖానాలో వేలకొద్దీ తయారయ్యే వస్తువులకు రూపం కల్పించే ఇండస్ట్రియల్ డిజైనరు మాత్రం తరచుగా ఈ వరుసను తలకిందులు చేస్తాడు. ముందు పెన్సిలు, తరువాత పదార్థం. పెన్సిలు గీతకేం, ఎటు తిప్పితే అటు తిరుగుతుంది. కర్ర తిరగదు గదా!

ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ ఒకటున్నది. 1940లో న్యూయార్కులోని మ్యూజియం ఆఫ్ మోడరన్ ఆర్ట్ వారు పెట్టిన పోటీలో చార్లెస్ ఈమ్స్, ఈరో సారినెన్ అనే ఇద్దరికి కుర్చీల నమూనాలకుగాను బహుమతి వచ్చింది. కూర్చునే చోటూ, వీపు ఆనే చోటూ కలిసి ఒకే ప్లైవుడ్ పలక. అది అన్నివైపులా గిన్నెలాగ వంగాలి. బొమ్మ ముచ్చటగానే ఉన్నది. చేయబోయేసరికి పలక బీటలు వారింది. ఆ బీటలు కనబడకుండా పైన గుడ్డ తొడగవలసి వచ్చింది. చౌకగా అందరికీ అందాలనుకున్న కుర్చీ కాస్తా ఖరీదైనదై కూర్చున్నది.

చార్లెస్ 1941లో చిత్రకారిణి అయిన రేను పెళ్ళాడి లాస్ ఏంజిలిస్ చేరాడు. దంపతులిద్దరూ తాము కాపురమున్న వాటాలోనే ఒక యంత్రం కట్టారు. కర్రముక్కలు, ప్లాస్టరు అచ్చు, వేడెక్కే విద్యుత్తు తీగలు, సైకిలు పంపు - ఇదీ సరంజామా. పలుచని చెక్కపొరలకు జిగురు పూసి అచ్చుమీద పరుస్తారు. పంపుతో గాలికొట్టి తిత్తిని ఉబ్బించి పొరలను అదుముతారు. వేడికి జిగురు గట్టిపడుతుంది. గారడీవాని మంత్రంలాగ దానికి "కజామ్" అని పేరు పెట్టుకున్నారు. నన్నడిగితే అదే వారి అసలైన చిత్తుపుస్తకం. ఏ వంపు దగ్గర చెక్క మొరాయిస్తుందో కాగితం చెప్పదు, అది చెప్పింది.

మొరాయించే చోట కోసి ఖాళీ వదిలితే పలక పగలదు. 1942 మొదలు అమెరికా నౌకాదళం కోసం వారు చేసిన కాలికట్టు బద్దలలో ఆ ఖాళీలను చూడవచ్చును. అంతకుముందు వాడిన లోహపు బద్దలు, క్షతగాత్రుని మోసుకుపోయేటప్పుడు అదిరి బాధను పెంచేవి. యుద్ధం ముగిసేలోపల లక్షా యాభైవేలకు పైగా ప్లైవుడ్ బద్దలు తయారయ్యాయి. 1946 నాటి కుర్చీలో సీటు వేరు, వీపుపలక వేరు. ప్లైవుడ్ చెప్పిన మాట విన్నారన్నమాట.

ఈనాటి డిజైనరు ఇంట్లో యంత్రం కట్టనక్కరలేదు. 1997లో న్యూయార్కులో మొదలైన మెటీరియల్ కనెక్షన్ వంటి భాండాగారాలలో పుస్తకాలకు బదులు పదార్థాల ముక్కలు పెడతారు. తాకి, వంచి చూడవచ్చును. కేంబ్రిడ్జి ఆచార్యుడు మైకేల్ ఆష్బీ గీసిన పటాలు మరొక సాధనం. అడ్డంగా సాంద్రత, నిలువుగా వంగని గుణం. లోహాలొక మబ్బుతునకగా, కర్రలొకటిగా, ప్లాస్టిక్కులొకటిగా కనబడతాయి. ఉక్కు నీటికంటె 7.8 రెట్లు బరువు, అల్యూమినియం 2.7 రెట్లు, టేకు నీటికంటె తేలిక. దూలం వంగకూడదు, తేలికగానూ ఉండాలంటే, నిలువు నార వెంబడి వాడిన కర్ర ఆ రెండు లోహాలనూ ఓడిస్తుంది! కాకపోతే లావు పెరుగుతుంది. ఇది మొదటిరోజే తెలిస్తే గీసే గీతే మారిపోతుంది.

కీషాట్ వంటి కంప్యూటరు సాధనాల సంగతి వేరు. గీసిన రూపానికి క్షణంలో ఇత్తడి తళుకో, టేకు చారలో అద్దుతాయి. కొనేవారికి చూపడానికి బాగుంటాయి. తొలి చిత్తులోనే వాటిని నమ్ముకుంటే చిక్కు: మెరుపు చూసి పదార్థం తేలిపోయిందనుకుంటారు. ఆ ఇత్తడికి బరువు లేదు, చేయి కాలదు.

ఈ ఈమ్స్ దంపతులే మన ప్రభుత్వం పిలుపుమీద వచ్చి 1958లో ఒక నివేదిక ఇచ్చారు. అహమ్మదాబాదులో 1961లో వెలసిన జాతీయ డిజైన్ సంస్థకు అదే పునాది. ఈ దేశంలో తాము చూసిన వస్తువులలో వారు అన్నిటికంటె మెచ్చుకున్నది మనం రోజూ ముట్టుకునే చెంబును. దానిని కొత్తగా చేయాలంటే ఏమేమి అడగాలో జాబితా వేశారు: ఎన్ని నీళ్ళు పట్టాలి, తలమీద మోస్తారా చంకన పెడతారా, మూతి ఎంత వెడల్పుంటే చేయిపెట్టి తోమవచ్చును, వేడి ఎలా పాకుతుంది, రాతిమీద పెడితే ఏమి చప్పుడు చేస్తుంది, ఏ లోహం, ఎంత ఖరీదు, పాతబడ్డాక అమ్మితే ఎంత వస్తుంది.