పట్టు జారని పనిముట్టు!

కొత్తింట్లో ఫ్యాన్ రెగ్యులేటర్ బిగిద్దామని ఆమధ్య ఓ స్క్రూడ్రైవర్ కొన్నా. తళతళా మెరుస్తోంది. ధరా తక్కువే. తీరా నాలుగో స్క్రూకే కొన మెలితిరిగింది. స్క్రూ తలకాయా అరిగిపోయింది. ఇక అది ఊడదు, బిగియదు! చివరికి ఎలక్ట్రీషియన్‌ని పిలిస్తే, సంచిలోంచి పిడి నల్లబడిన పాతదొకటి తీసి ఐదు నిమిషాల్లో పని ముగించాడు.

మరి ఆ రెండిటికీ తేడా ఎక్కడుంది?

కిటుకంతా ఉక్కులోనే

పానా అయినా, కటింగ్ ప్లేయరైనా... మన్నికను తేల్చేవి ఉక్కు రకం, దాన్ని కాల్చి చల్లార్చిన తీరు. మరీ గట్టిపడితే అంచు పెళుసెక్కి పెచ్చులూడుతుంది. మెత్తగా ఉంటే తీగకే నొక్కుపడుతుంది. అందుకే మంచి ప్లేయర్‌లో కోసే అంచును ప్రత్యేకంగా గట్టిపరుస్తారు. పైన క్రోమ్ పూత తుప్పును ఆపుతుందే తప్ప లోపలి ఉక్కు గుట్టు చెప్పదు.

ఎవరికి ఏది?

నాసిక్‌లో ప్లాంటున్న టపారియా, స్వీడన్ సంస్థ సాంకేతిక సహకారంతో 1969లో ఉత్పత్తి మొదలుపెట్టింది. ధరకీ మన్నికకీ పొంతన కుదరడంతో మన మెకానిక్‌ల సంచుల్లో చోటు సంపాదించింది. ఇంటి అవసరాలకు ఇది చాలు.

జర్మనీలోని వుప్పర్టాల్‌కి చెందిన క్నిపెక్స్‌ది 1882 నాటి చరిత్ర. ప్లేయర్లే దాని ప్రత్యేకత. కోబ్రా రకం పళ్ల గట్టిదనం రాక్‌వెల్ కొలతలో సుమారు 61! ధర మాత్రం వేలల్లో. రోజంతా ప్లేయర్‌తో పనిచేసేవారికైతే గిట్టుబాటే. ఏడాదికోసారి వాడేవారికి దండగ.

1843లో అమెరికాలో పుట్టిన స్టాన్లీ సరుకు ఇప్పుడు వేర్వేరు దేశాల్లో తయారవుతోంది. కాబట్టి పేరొక్కటే చాలదు, మోడలూ చూడాలి.

కొనేముందు...

* ప్లేయర్ మూసి వెలుతురుకి ఎత్తి పట్టండి. కోసే అంచుల మధ్య వెలుగు కనిపిస్తే వద్దు.
* కీలు దగ్గర అటూ ఇటూ ఊగితే పక్కన పెట్టేయండి.
* పానాని నట్టుకి తగిలించి చూడండి. వదులుగా ఉంటే నట్టు మూలలు అరిగిపోతాయి.

పిడి తొడుగును నమ్మొద్దు

ప్లాస్టిక్ తొడుగున్న ప్రతి ప్లేయరూ షాక్ నుంచి కాపాడదు. చాలావాటికి అది పట్టుకోసమే. కరెంటు పనికైతే జంట త్రికోణాల గుర్తు, 1000 వోల్టుల ముద్ర ఉన్నవే తీసుకోవాలి. అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం వాటిని 10,000 వోల్టులతో పరీక్షిస్తారు. అయితే ఆ ముద్రనీ నకిలీవాళ్లు కొట్టేయగలరు. అందుకే నమ్మకమైన దుకాణంలో బిల్లుతో కొనండి. ఏది కొన్నా సరే, మెయిన్ ఆపాకే పని మొదలుపెట్టండి.

స్క్రూడ్రైవర్ పాడైతే పోయేది కొద్ది రూపాయలే. తొడుగు మోసం చేస్తే పోయేది ప్రాణం!