దొరికిన సొమ్ము ఎంతవరకు సాక్షి?

చెట్టికరై ధర్మపురి జిల్లాలోని పల్లె. అటువంటి పల్లెలో ఒక ముసలమ్మను చంపి ఒంటిమీది సొమ్ములు అపహరించారనుకొందాము. విచారణ సెషన్సు కోర్టులో జరుగుతుంది; శిక్షపడితే ముద్దాయి అప్పీలు మదరాసు హైకోర్టుకు పోతుంది. కళ్ళార చూచినవారు సాధారణంగా ఉండరు. "గొలుసు వాడి దగ్గరే దొరికింది గదా, ఇంకేమి కావాలి?" అని అరుగుమీదనే తీర్పు చెప్పేవారు మనలో చాలామంది.

కోర్టు అంత తొందరపడదు. పోలీసులవద్ద ముద్దాయి నేరం ఒప్పుకొన్నంత మాత్రాన అది సాక్ష్యం కాదు. అయితే వాని మాటవల్ల ఏదైనా బయటపడితే, దానికి సంబంధించినంత మాట చెల్లుతుంది. ఆ హద్దు గీయించినది మన గుంటూరు జిల్లా కేసే. పులుకూరి కొట్టయ్య మొదలైనవారి అప్పీలు లండనులోని ప్రీవీ కౌన్సిలుదాకా పోగా, 1946 డిసెంబరులో తీర్పు వచ్చింది. దాని ప్రకారం, "గట్టుకింద గొలుసు పాతిపెట్టాను" అన్నమాట చెల్లుతుంది. "ఆమెను చంపి తీసుకొన్నాను" అన్నది చెల్లదు. 2024 జూలైలో సాక్ష్య చట్టం పేరు మారినా ఈ సూత్రం మారలేదు.

సరే, సొమ్ము దొరికింది. దొంగ అయినవాడు హంతకుడు కూడానా? రాజస్థానులో ఒక మహంతును చంపి గుడి దోచిన కేసులో, సన్వత్ ఖాన్ అప్పీలుపై 1952లో సుప్రీంకోర్టు కాదన్నది. దొరికిన సొమ్ము తప్ప వేరే ఆధారం లేనప్పుడు హత్య అంటగట్టరాదు. అనుమానం రుజువు కాజాలదు. ఉరికంబం ఎదుట ఉన్నవానికి ఇది చిన్న తేడా కాదు.

1983లో కర్ణాటకనుండి వచ్చిన ఎరభద్రప్ప కేసు దారి వేరు. అతడు మారుపేరుతో ఒక ఇంట పనికి కుదిరాడు. ఆ ఇంటి స్త్రీ హత్య అయిన రాత్రే మాయమై, ఏడాదికి పట్టుబడ్డాడు. నగలు అతని మాటవల్లనే బయటపడ్డాయి. ఏడాది గడిచిందిగదా అన్న వాదన, అంతకాలమూ పరారీలో ఉన్నవాడికి పనికిరాలేదు. శిక్ష నిలిచింది, మరణదండన మాత్రం యావజ్జీవమయింది.

అలాంటి నగలు ఎక్కడైనా ఉంటాయని ముద్దాయి పక్షం వాదించింది. ఇంటి ఆడవారికి తమ సొమ్ములను ఆనవాలు పట్టే నేర్పు అసాధారణమని న్యాయమూర్తులు సమాధానం చెప్పారు. మా ఇండ్లలో ఈ సంగతికి సుప్రీంకోర్టు దాకా పోనక్కరలేదు.