మధ్యాహ్నం ఒక మంచి రొట్టె కోసం

మా దగ్గర చదువుకున్న కర్నూలు కుర్రవాడు ఒకడు ఇప్పుడు అమెరికాలో, ఒక పెద్ద నగరం నడిబొడ్డున ఉద్యోగం చేస్తున్నాడు. ఈమధ్య ఫోనులో సలాం చెప్పి, యోగక్షేమాలు అడిగిన తర్వాత తన తిండి తిప్పలు చెప్పుకొచ్చాడు. "మౌల్వీ సాబ్, ఇక్కడ హోటళ్లకు కొదవ లేదు. కానీ జుమా నమాజు ముగించుకొని, అరగంటలో తిని మళ్లీ పనిలో కూర్చోవాలంటే ఏం తినాలో తోచదు" అన్నాడు.

చివరకు అతనికి బురిటో అనే తినుబండారం దొరికిందట. పలుచని పెద్ద గోధుమ రొట్టెలో అన్నం, ఉడికించిన చిక్కుడు గింజలు, కూర, కారం పెట్టి చుట్టి ఇస్తారు. పళ్లెం అక్కర్లేదు. చేత్తో పట్టుకొని తినేయవచ్చు. మాంసం లేనిది తీసుకుంటే ఏ అనుమానమూ ఉండదు కదా అని మన కుర్రవాడు గింజలతో చేసింది అడిగాడు. వరుసలో వెనుక నిలబడిన మెక్సికో పెద్దమనిషి ఒకాయన అతని ముఖం చూసి, "నాయనా, ఆ గింజలు ఏ కొవ్వుతో వేయించారో ముందు అడుగు" అన్నాడట. అడిగితే పంది కొవ్వుతో అని తెలిసింది. ఆ తర్వాత నూనెతో వండే మరో కొట్టు వెతుక్కున్నాడు. ఇప్పుడు ప్రతి శుక్రవారం అక్కడే తింటున్నాడు.

ఆ పెద్దమనిషి చెప్పింది నిజమే. మెక్సికో వంటలో గింజలను మెత్తగా నలిపి పంది కొవ్వులో వేయించడం పాత పద్ధతి. కొన్ని చోట్ల రొట్టె పిండిలో కూడా ఆ కొవ్వు కలుపుతారు. ఇప్పుడు చాలామంది నూనె వాడుతున్నారు గాని, అడగనిదే తెలియదు. అక్కడికి చదువులకు, ఉద్యోగాలకు వెళ్లే మన పిల్లలు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి. మాంసం లేనంత మాత్రాన అనుమానం తీరినట్టు కాదు.

బురిటో అంటే స్పానిష్ భాషలో చిన్న గాడిద అని అర్థం. అది ఉత్తర మెక్సికోలో పుట్టిన తిండి. పొలాల్లో పనిచేసే కూలీలు మధ్యాహ్నానికి చుట్టి తీసుకెళ్లిన రొట్టె. శాన్ ఫ్రాన్సిస్కో నగరంలో మెక్సికో వాళ్లు ఎక్కువగా ఉండే మిషన్ పేటలో 1960ల నుంచి అది అన్నం, గింజలతో లావెక్కి, నగరవాసుల మధ్యాహ్న భోజనమైంది.

మా శిష్యుడు చివరగా ఒక మాట అన్నాడు. "మన కర్నూలులో అయితే ఈ తిప్పలేవీ ఉండవు కదా మౌల్వీ సాబ్!"

మేము వెంటనే అవును అనలేకపోయాం. దానికి కారణం చెబుతాం.

ఒక శుక్రవారం మా తమ్ముడి వరసైన రైతు ఒకడు పల్లె నుంచి వచ్చాడు. తల్లిని ఆసుపత్రిలో చేర్చి, మాతో పాటు జుమాకు వచ్చాడు. నమాజు అయ్యాక, "భాయీజాన్, రాత్రి నుంచి ఏమీ తినలేదు" అన్నాడు. దగ్గరలో కనిపించిన ఒక హోటలుకు తీసుకెళ్లాం. బయట పెద్ద అక్షరాలతో హలాల్ అని బోర్డు ఉంది. అది చూసి మారుమాట అడగకుండా లోపల కూర్చున్నాం. పళ్లెం నిండా ఎర్రని రంగు అన్నం వచ్చింది. ముక్క నోట్లో పెట్టుకోగానే అది ఆ పూట వండింది కాదని తెలిసిపోయింది. రంగు, మసాలా దాని వయసును దాచాయి. మా తమ్ముడు మొహమాటంతో రెండు ముద్దలు తిని చేయి కడుక్కున్నాడు. బిల్లు మాత్రం ఒక కూలీ సగం దినం కష్టమంత అయింది.

ఇక్కడ మనం ఒక్క క్షణం ఆలోచించాలి. దివ్య ఖుర్ఆన్ ఆహారం గురించి చెప్పేటప్పుడు హలాల్ అనే మాటతో పాటు తయ్యిబ్ అనే మాటను కూడా చెప్పింది. తయ్యిబ్ అంటే శుభ్రమైనది, మేలైనది. మనం మొదటి మాటను బోర్డు మీద రాసుకున్నాం. రెండో మాట ఎక్కడ పోయింది? కోసిన పద్ధతి సరైనదై, వండిన కూర నిన్నటిదైతే, ఆ పళ్లెం సగం మాటనే నిలబెట్టుకున్నట్టు కాదా?

ఆకలితో బయటికి వచ్చి కొండారెడ్డి బురుజు వైపు నడుస్తుంటే, ఒక చెట్టు కింద పొయ్యి పెట్టుకొని జొన్న రొట్టెలు చేస్తున్న పెద్దావిడ కనిపించింది. కర్నూలులో ఇలాంటి పొయ్యిలు సాయంత్రాలే ఎక్కువ. మధ్యాహ్నం కనబడటం మా అదృష్టం. "అక్కా, కూర ఏముంది?" అని అడిగాం. "వంకాయ ఉంది, శెనక్కాయల కారం ఉంది. కూసోండి సాయిబూ, ఏడిది ఏస్తా" అంది.

మేము ఆమె చేతులనే చూస్తూ కూర్చున్నాం. మరిగే నీళ్లు పోసి పిండి కలిపింది. ముద్దను అరచేత్తో తట్టి తట్టి చంద్రబింబంలా పలుచగా చేసింది. పెనం మీద వేసి, పైన తడి గుడ్డతో ఒకసారి తుడిచి, తిరగేసి, నిప్పుల సెగకు చూపింది. రొట్టె పూరీలా పొంగింది. చుక్క నూనె లేదు. పిండి, నీళ్లు, నిప్పు, ఆమె చేయి, అంతే. అందులో వంకాయ కూర, శెనక్కాయల కారం, తరిగిన ఎర్రగడ్డ పెట్టి చుట్టి ఇచ్చింది. మా తమ్ముడు నిలబడే రెండు తిన్నాడు. మూడోది కాగితంలో చుట్టించుకొని ఆసుపత్రిలో ఉన్న తల్లికి పట్టుకుపోయాడు.

అప్పుడు మాకు ఒక సంగతి తట్టింది. గోధుమ పిండిలో జిగురు ఉంటుంది కాబట్టి ఆ రొట్టె చల్లారినా చుట్టవచ్చు. జొన్నలో ఆ జిగురు లేదు. అందుకే వేడినీళ్లతో కలపాలి, చేత్తో తట్టాలి. వేడిగా ఉన్నంతసేపే అది వంగుతుంది. చల్లారితే విరుగుతుంది. ఎండబెట్టిన కరకర రొట్టె వేరు, అది నాలుగు రోజులు నిలుస్తుంది, కానీ దాన్ని చుట్టలేం. అంటే మీ చేతికి చుట్టి ఇచ్చిన జొన్న రొట్టె ఇప్పుడే కాల్చిందన్న మాట. దానికి బోర్డు అవసరం లేదు. జొన్న రొట్టెకు అబద్ధం చెప్పడం రాదు!

ఎన్నాళ్లుగా ఇక్కడ కూర్చుంటున్నావని ఆ అక్కను అడిగాం. "నీళ్లొచ్చినప్పుడు పొయ్యి కొట్టుకపాయె సాయిబూ, మళ్లా పెట్టుకుంటి" అంది. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ పొంగి పాతబస్తీ మునిగిన రోజుల మాట అది. ఆ వరదలో పోయినవాటిలో ఇలాంటి పొయ్యిలు ఎన్ని ఉన్నాయో ఎవరు లెక్క రాశారు?

ఇక కడప సంగతి. అక్కడ మధ్యాహ్నం అనగానే అందరూ చెప్పేది రాగి సంగటి. ఉడుకుతున్న అన్నంలో రాగి పిండి పోసి, కట్టెతో గట్టిగా తిప్పి ముద్ద కడతారు. అదీ వేడిగా ఉంటేనే గొంతు దిగుతుంది. మా చిన్నతనంలో సంగటి, రొట్టె పేదవాడి తిండి. వరి అన్నం పండుగకో, చుట్టాలొస్తేనో. 1983లో కిలో 2 రూపాయల బియ్యం వచ్చాక అన్నం ప్రతి ఇంటికీ చేరింది. ఆకలి తీరింది, అది మేలే. కానీ రాగి, జొన్న మెల్లగా పొయ్యి దిగాయి. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించే సరికి, అదే సంగటి హోటళ్లలో నాటుకోడి పులుసు పక్కన గొప్పింటి వంటకమై కూర్చుంది.

అమీన్ పీర్ దర్గాకు వెళ్లినప్పుడు ఏడు రోడ్ల కూడలి దగ్గర ఒక దృశ్యం చూశాం. మూటలు మోసే ముసలాయన ఒకడు హోటలు ముందు నిలబడి సంగటి ధర చదువుకున్నాడు. నవ్వుకొని, పక్క సందులో ముక్కల్లేని కుష్కా పొట్లం కొనుక్కున్నాడు. తండ్రి పేదరికంలో తిన్నది కొడుకు కొనలేకపోవడం ఎంత విడ్డూరం! 2018లో మొదలై, 2019లో మూతపడి, 2024 ఆగస్టులో మళ్లీ తెరుచుకున్న అన్న క్యాంటీన్లలో 5 రూపాయలకే భోజనం పెడుతున్నారు. అలాంటివారికి అది పెద్ద ఆసరా. అయినా ఈ నేల పంట ఈ నేల కూలీకి అందుబాటులో ఉండాలని కోరుకోవడం అత్యాశ కాదు కదా.

ఇంకో విచిత్రం వినండి. మనం మనదనుకునే మిరపకాయ, శెనక్కాయ రెండూ అమెరికా ఖండాల నుంచి వచ్చినవే. మిరప పుట్టిల్లు మెక్సికో. పోర్చుగీసువారి ఓడల్లో 16వ శతాబ్దంలో అది మన దేశానికి చేరింది. జొన్న, రాగి అంతకు ఎన్నో వేల ఏళ్ల ముందే ఆఫ్రికా నుంచి వచ్చాయి. అంటే చెట్టు కింద మేము తిన్న రొట్టెలోని కారానికి, మా శిష్యుడు తింటున్న బురిటోలోని కారానికి పుట్టిల్లు ఒక్కటే.

అందుచేత పాఠక సోదరులారా, ఊరు ఏదైనా మంచి మధ్యాహ్న భోజనం వెతకడానికి దారి ఒక్కటే. అడగండి. ఏ నూనె, ఏ కొవ్వు, ఎప్పుడు వండినది అని మర్యాదగా అడగండి. అడగడానికి మెక్సికో పెద్దమనిషి సిగ్గుపడలేదు, మేము బోర్డు చూసి సిగ్గుపడ్డాం. పొయ్యి కళ్లెదుట ఉన్నచోట తినండి. రోడ్డు పక్క రొట్టె అని చిన్నచూపు చూడకండి, ఆమె చెప్పిన నాలుగు రూకల దగ్గర బేరమాడకండి. హోటళ్లు నడిపే సోదరులకూ ఒక విన్నపం. బోర్డు మీద రాసిన మాటకు వంటగదిలో రెండో సగం కూడా చేర్చండి.

మా శిష్యుడికి తర్వాత ఫోను చేసి ఈ సంగతులన్నీ చెప్పాం. అతడు కాసేపు మాట్లాడలేదు. "సెలవుల్లో వచ్చినప్పుడు ఆ అక్క దగ్గరికి నన్నూ తీసుకెళ్లండి మౌల్వీ సాబ్" అన్నాడు. ఇన్షా అల్లాహ్ అన్నాం. అప్పటిదాకా ఆ పొయ్యి ఆరకుండా చూసుకోవలసింది మాత్రం ఇక్కడ ఉన్న మనమే.