స్త్రీలును కేశనష్టమును

మైపాడు, కృష్ణపట్టణము మొదలగు మన తీరగ్రామములయందు తల్లి కూతురికి జడ వేయుచు, దువ్వెనకు చుట్టుకొనిన వెండ్రుకలను చూచి నిట్టూర్చుట మేమెఱిగినదే. ఆ నిట్టూర్పు స్వల్పముగా తోచినను దాని వెనుక గొప్ప భయము కలదు. కావున ఈ విషయమును గూర్చి కొంత వివరింప దలచితిమి.

మనుష్యుని తలపై ఇంచుమించుగా 1,00,000 వెండ్రుకలుండును. వానిలో దినమునకు 50 మొదలు 100 వఱకు రాలుట సహజము. ప్రతి వెండ్రుకయు కొన్ని సంవత్సరములు పెరిగి, సుమారు 3 నెలలు విశ్రమించి, పిమ్మట రాలిపోవును. టైఫాయిడు వంటి తీవ్రజ్వరము గాని, ప్రసవము గాని, గొప్ప మనోవ్యథ గాని కలిగినప్పుడు అనేక వెండ్రుకలు ఒక్కసారిగా ఆ విశ్రాంతిదశకు చేరును. అందుచేత రెండు మూడు నెలల తరువాత జుట్టు పిడికిళ్ల కొలది ఊడును. అప్పటికి జ్వరము సంగతి మఱచిన ఇంటివారు ఉప్పునీటిని నిందింతురు. ఉప్పునీరు వెండ్రుకలను గరుకుపఱచును గాని వాని వేరును చంపదు. రక్తహీనతయు థైరాయిడు గ్రంథి వ్యాధియు కూడ కారణములు కావచ్చును గనుక వైద్యునికి చూపుట మేలు. పేనుకొఱుకుడు అనునది పేనువలన కలుగదు. దేహమునందలి రోగనిరోధకశక్తియే పొరపాటున వెండ్రుకల కుదుళ్లపై పడుటచేత కలుగును. అది అంటువ్యాధి కాదు.

అయినను బాధ యంతయు శరీరమునకు చెందినది కాదు. కందుకూరి వీరేశలింగము పంతులుగారు 1881వ సంవత్సరమున రాజమహేంద్రవరమున వితంతువివాహము జరిపించిన కాలమున, కొన్ని కులముల విధవలకు శిరోముండనము తప్పని విధిగా నుండెను. ఆ యాచారము పోయినను, జుట్టులేని స్త్రీ అశుభమను తలంపు పూర్తిగా పోలేదు. అందుచేతనే జుట్టు ఊడిన స్త్రీ పేరంటమునకు పోదు. పెండ్లిలో సవరము జాఱునేమోయని తల తిప్పదు. బాలిక యైనచో బడికి పోవుటకే జంకును.

తిరుమల కల్యాణకట్టలో మ్రొక్కు చెల్లించి వచ్చిన స్త్రీని చూచి ఎవ్వరును నవ్వరు, ఆదరముతో పలుకరింతురు. రెండు తలలును ఒక్కటియే. చూచువారి మనస్సే వేఱు.

జ్వరమువలనను ప్రసవమువలనను ఊడిన జుట్టు సాధారణముగా మరల మొలచును. అయితే అది నెలకు అర అంగుళము చొప్పున పెరుగును గనుక జడ యగుటకు ఏండ్లు పట్టును. ఆ కాలమంతయు ఆమెకు కావలసినది తైలములకన్న ఇరుగుపొరుగువారి మంచి మాట. విద్యార్థులారా! జ్వరపడి లేచిన తోడిబాలిక తలగుడ్డతో బడికి వచ్చినచో, తల వంక చూడక, ఆమె తప్పిపోయిన పాఠములను గూర్చి మాటలాడుడు.