సమానం గుర్తు పుట్టిన దేశంలో ఓ పరీక్ష

పోయిన చలికాలంలో ఒక కంపెనీ వాళ్లు నాకు ఆన్‌లైన్ పరీక్ష పెట్టారు. 40 ప్రశ్నలు, 45 నిమిషాలు. ప్రోగ్రామింగ్, డేటా స్ట్రక్చర్లు, ఆపరేటింగ్ సిస్టమ్‌లో మొదటి పాఠాలు అడుగుతామని ఈమెయిల్లో రాశారు. డిగ్రీలో నాది ఎం.పి.సి.ఎస్. గ్రూపు. ఇవన్నీ చదివినవే, మంచి మార్కులు వచ్చినవే. కాకపోతే చదివి పన్నెండేళ్లయింది. బాబుని బడిలో దింపి వచ్చి, టీ పెట్టుకుని లాప్‌టాప్ ముందు కూర్చున్నాను. ఫలితం మర్నాడే వచ్చింది. పాస్ కాలేదు.

రెండు రోజులు ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. మూడో రోజు కాగితం తీసుకుని, గుర్తున్న ప్రశ్నలన్నీ రాసుకుని, ఎక్కడ తప్పానో చూసుకున్నాను. నాకు తెలియనివి నాలుగైదే. తెలిసి తప్పినవే ఎక్కువ. డిగ్రీ చేసి, పెళ్లయ్యాక దేశం మారి, మళ్లీ ఉద్యోగం చూసుకుందామని అనుకునేవాళ్లు మనలో చాలామంది ఉన్నారు. వాళ్లకి పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

ఒక గీతా, రెండు గీతలా?

నేను తప్పిన మొదటి ప్రశ్న ఇది. సీ భాషలో ఒక వేరియబుల్ విలువ 3. "ఇఫ్" తర్వాత బ్రాకెట్లలో ఆ వేరియబుల్, = గుర్తు, 5 అని ఉంది. కింద రెండు ప్రింట్ వాక్యాలున్నాయి. ఏది వస్తుంది? 3, 5 సమానం కావు కదా అని "ఎల్స్" వైపుది గుర్తు పెట్టాను. తప్పు. సీ భాషలో = అంటే "సమానమా?" అని అడగడం కాదు, కుడివైపు విలువని ఎడమవైపు పెట్టెలో వేయడం. వేరియబుల్ 5 అయిపోతుంది. సున్నా కానిదేదైనా సీ లెక్కలో నిజమే కాబట్టి పై వాక్యమే ప్రింటవుతుంది. సమానమా అని అడగాలంటే == రాయాలి. ఇదే పొరపాటు పైథాన్‌లో చేస్తే అది ప్రోగ్రామ్‌ని నడపనే నడపదు, తప్పని చెప్పేస్తుంది. సీ మాత్రం నోరు మెదపకుండా నడిపించేస్తుంది. పరీక్షలు పెట్టేవాళ్లకి ఈ ప్రశ్న అంత ఇష్టం అందుకే.

ఈ = గుర్తు పుట్టింది మా వేల్స్ మనిషి చేతిలోనే. కార్డిఫ్ నుంచి పడమరగా కారులో రెండు గంటలు వెళ్తే టెన్బీ అనే సముద్రతీరపు ఊరు వస్తుంది. అక్కడ పుట్టిన రాబర్ట్ రికార్డ్ 1557లో అచ్చు వేసిన లెక్కల పుస్తకంలో, "దీనికి ఇది సమానం" అని పదేపదే రాయలేక రెండు సమాంతర గీతలు గీశాడు. రెండు సమాంతర గీతలకన్నా సమానమైనవి వేరే ఏముంటాయన్నది ఆయన వాదన. సరిగ్గా నాలుగు వందల ఏళ్లకి, 1957లో వచ్చిన ఫోర్‌ట్రాన్ భాష ఆ గుర్తుని విలువ వేయడానికి వాడుకుంది. 1972 ప్రాంతంలో బెల్ ల్యాబ్స్‌లో డెనిస్ రిచీ తయారుచేసిన సీ కూడా అదే పద్ధతి పట్టింది. టెన్బీ చర్చిలో రికార్డ్ స్మారకఫలకం ఉంది. పిల్లలతో అటు వెళ్తే చూసి రండి.

నిర్వచనం అడగరు, నడిపించమంటారు

స్టాక్ అంటే దోసెల దొంతర. చివర వేసినదే ముందు తీస్తాం. క్యూ అంటే బస్టాపు వరస. ముందు వచ్చినవాళ్లే ముందు ఎక్కుతారు. ఇంతవరకూ అందరికీ గుర్తుంటుంది. పరీక్షలో అడిగేది వేరు: స్టాక్‌లో 1, 2, 3 వేశారు, ఒకటి తీశారు, 4 వేశారు, మిగిలినవన్నీ తీశారు. బయటికొచ్చిన వరస ఏమిటి? మనసులో చేస్తే తప్పుతాం. కాగితం మీద దొంతర గీస్తే పది సెకన్లలో 3, 4, 2, 1 అని తేలిపోతుంది. నేను కాగితం పక్కన పెట్టుకోలేదు. రెండోసారి పెట్టుకున్నాను. పెద్ద తేడా అదే.

ఇక బైనరీ సెర్చ్. నిఘంటువులో మాట వెతికినట్టే. మధ్య పేజీ తెరిచి, మన మాట ముందుందో వెనకుందో చూసి, అక్కర్లేని సగాన్ని వదిలేస్తాం. వెయ్యి మాటలుంటే ఎక్కువలో ఎక్కువ 10 సార్లు చూస్తే చాలు. పది లక్షలున్నా 20 సార్లే. అయితే మాటలు ముందే వరసలో ఉండాలి. ఈ షరతు మరిచిపోతే ఆ మార్కు పోయినట్టే.

ఇంత తేలికైనదాన్ని రాయడం తేలిక కాదు. జాన్ బెంట్లీ అనే ఆయన, చేయి తిరిగిన ప్రోగ్రామర్లకి రెండు గంటల టైమిచ్చి ఇది రాయమంటే, దాదాపు నూటికి తొంభై మంది రాసినదాంట్లో తప్పులున్నాయట. 2006లో జాషువా బ్లాక్ ఇంకో సంగతి బయటపెట్టారు. జావా లైబ్రరీ కోసం తాను రాసిన బైనరీ సెర్చ్‌లోనే తొమ్మిదేళ్లుగా ఒక తప్పు దాక్కుని ఉందని. మధ్య స్థానం కోసం మొదటి స్థానాన్నీ చివరి స్థానాన్నీ కూడి రెండుతో భాగిస్తాం కదా. ఆ కూడిక 2,147,483,647 దాటితే 32 బిట్ల పెట్టెలో పట్టక రుణసంఖ్య అయిపోతుంది. మొదటి స్థానానికి, రెండింటి తేడాలో సగం కలిపితే ఆ ఇబ్బంది ఉండదు. ఇది చదివాక నా తప్పుల మీద కోపం కాస్త తగ్గింది.

ఒక్క పొయ్యి, మూడు పనులు

ఆపరేటింగ్ సిస్టమ్ పాఠాలు మన వంటగదిలోనే ఉన్నాయి. ఒకటే పొయ్యి ఉంది. పప్పుకి 20 నిమిషాలు, కూరకి 10, టీకి 5. వచ్చిన వరసలో చేస్తే పప్పు 0, కూర 20, టీ 30 నిమిషాలు ఆగాలి. సగటున 16.7 నిమిషాలు. చిన్న పని ముందు చేస్తే టీ 0, కూర 5, పప్పు 15. సగటు 6.7కి పడిపోయింది. ప్రాసెసర్ ముందు ప్రోగ్రాములు కాచుకోవడమూ ఇంతే. పరీక్షలో ఈ సగటు కట్టమంటారు.

డెడ్‌లాక్ కూడా అలాగే. మిక్సీ జార్ నా చేతిలో ఉంది, మూత తోటికోడలి చేతిలో ఉంది. నువ్వు వదిలితే నేను రుబ్బుతానని ఇద్దరం పట్టుకు కూర్చుంటే పచ్చడి కాదు. దీనికి నాలుగు షరతులూ ఒకేసారి కుదరాలని 1971లో కాఫ్‌మన్, మరో ఇద్దరు కలిసి రాశారు. వస్తువుని ఒకరే వాడగలగడం, చేతిలోది వదలకుండా ఇంకోదానికోసం ఆగడం, ఎవరూ లాక్కోలేకపోవడం, ఆగేవాళ్లంతా ఒకరికొకరు గొలుసులా చుట్టుకోవడం. ఇందులో ఒక్కటి తప్పించినా చాలు. ఎవరైనా సరే ముందు జార్, తర్వాతే మూత తీసుకోవాలని నియమం పెడితే గొలుసు తెగిపోతుంది.

చిన్న పని ముందు అనే పద్ధతికి ఒక లోపం ఉంది. చిన్న పనులు వస్తూనే ఉంటే పెద్ద పనికి వంతు ఎప్పటికీ రాదు. దాన్ని స్టార్వేషన్ అంటారు, అంటే పస్తు పెట్టడం. ఈ మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. పన్నెండేళ్లుగా మా ఇంట్లో పస్తున్న పెద్ద పని నా చదువే. దానికన్నా చిన్న పని ఏదో ఒకటి రోజూ ముందుకొచ్చింది. డాక్టర్ అపాయింట్‌మెంటో, బడి ఫారమో, ఊరి నుంచి వచ్చిన చుట్టాలో. ఎవరూ నన్ను చదవొద్దనలేదు. వంతు రాలేదంతే.

దీనికి మందు కూడా అదే పాఠంలో ఉంది. పేరు ఏజింగ్. ఒక పని ఎంతసేపు కాచుకుంటే దాని ప్రాధాన్యం అంత పెంచుకుంటూ పోవాలి. చివరికి చిన్న పనులన్నీ దాని వెనక నిలబడతాయి. అన్నేళ్లు ఆగిందంటే ఆ పని పాతబడిపోయిందని కాదు, దాని వంతు ముందుకొచ్చిందని. గ్యాప్ గురించి ఎవరైనా అడిగితే మనకి మనం చెప్పుకోవాల్సింది ఇదేననిపించింది.

మళ్లీ మొదలుపెట్టాలంటే

మా వీధిలో ఉండే ఒక తెలుగమ్మాయి కార్డిఫ్ యూనివర్సిటీలో ఎమ్మెస్సీ కంప్యూటింగ్ చేస్తోంది. కంప్యూటర్ సైన్స్ కాకుండా వేరే డిగ్రీలు చదివినవాళ్ల కోసం పెట్టిన కోర్సు అది. క్లాసులు అబాకస్ అనే కొత్త భవనంలో. పూసల చట్రానికి వెల్ష్ పేరే దానికి పెట్టారు. ఇలాంటి కన్వర్షన్ కోర్సులు బ్రిటన్‌లో ఇంకా చాలాచోట్ల ఉన్నాయి. ఫీజు మాత్రం మన వీసాని బట్టీ, ఇక్కడ ఎన్నేళ్లుగా ఉన్నామన్నదాన్ని బట్టీ మారుతుంది, ముందే అడగండి.

డబ్బు పెట్టకుండా చదవాలంటే హార్వర్డ్ వాళ్ల సీఎస్50 ఉంది. సీ నేర్పి, తర్వాత పైథాన్‌కి తీసుకెళ్తుంది. మన ఐఐటీల ఎన్‌పీటెల్ పాఠాలూ ఉచితమే. మనని మనం పరీక్షించుకోవడానికి గేట్ కంప్యూటర్ సైన్స్ పాత ప్రశ్నపత్రాలు చాలా మంచివి. 3 గంటలు, 65 ప్రశ్నలు, 100 మార్కులు. ఒక మార్కు ప్రశ్నకి ఇచ్చిన ఎంపికల్లో తప్పుది పెడితే మూడో వంతు మార్కు కోస్తారు. పూర్తిగా రాయక్కర్లేదు. డేటా స్ట్రక్చర్లు, ఆపరేటింగ్ సిస్టమ్ ప్రశ్నలు రోజుకి నాలుగు చేస్తే చాలు.

ఆ అమ్మాయీ నేనూ శనివారాలు కూర్చుంటాం. "అక్కా, ముందు మీరు నన్ను అడగండి, తర్వాత నేను మిమ్మల్ని అడుగుతా" అంటుంది. ఒకరికి వివరించి చెప్పబోతేనే మనకెంత తెలుసో బయటపడుతుంది. ఎదుటివాళ్లు "ఎందుకు?" అన్నప్పుడు నోరు పెగలకపోతే, అది మనకి రాని పాఠం. నోట్సులో ఆ పేజీకి గుర్తు పెట్టుకుంటాను.

నాలుగు నెలల తర్వాత ఇంకో కంపెనీ పరీక్ష రాశాను. పాసయ్యాను. ఇంటర్వ్యూలో ఆగిపోయింది, ఉద్యోగం ఇంకా రాలేదు. అయినా ఈసారి రెండు రోజులు దాచుకోలేదు. ఆ సాయంత్రమే ఇంట్లో అందరికీ చెప్పాను. బాబు పడుకున్నాక రోజూ 40 నిమిషాలు నావి. ఆ టైములో చిన్న పనులు వస్తే, అవే ఆగుతాయి.