కొండ కొన యెక్కడ? – లేజరు కొలతయు, తూర్పుకనుమల శిఖర నిర్ణయమును

తూర్పుకనుమలలో నెల్ల నెత్తైన శిఖర మేది? ఈ చిన్న ప్రశ్నకు మా హుమ్మ పిల్లలు మూడు విధములుగా జవాబు వ్రాయుదురు. మహేంద్రగిరి, 1501 మీటర్లు అని కొందరు. కొరాపుట్టు జిల్లాలోని దేవమాలి, 1672 మీటర్లు అని మఱికొందరు. ఆంధ్రదేశమునుండి తెప్పించిన పుస్తకములు చదివినవారు అర్మకొండ 1680 అనియో, జిందగడ 1690 అనియో వ్రాయుదురు. ఒక పరీక్షలో అర్మకొండ యని వ్రాసిన బాలికకు సున్న వచ్చినది. అది తప్పు కాదని నేను వాదింపబోతిని. "రుజు వేది?" అని యడిగిరి. ఆనాడు నా యొద్ద రుజువు లేదు. తెలుగు చెప్పుకొనువాడనైన నేను కొలతల శాస్త్రములో తల దూర్చుటకు కారణ మింతే.

మహేంద్రగిరి మాట త్వరగా తేలును. 1936 వఱకు మన గంజాం మద్రాసు రాజధానిలోనిది. నాటి జిల్లా వర్ణనములలోనే మహేంద్రగిరి 4,923 అడుగులనియు, సింగరాజు 4,976 అడుగులనియు కలదు. పరశురాముని పేరు, పాండవుల పేర నున్న గుళ్లు మహేంద్రగిరికి కీర్తి తెచ్చినవి గాని, పొరుగు కొండకన్న 53 అడుగులు తక్కువే. దేవమాలికన్న 171 మీటర్లు తక్కువ. ఇంత భేదమును పాత పరికరములైనను పొరపడవు. చిక్కంతయు తక్కిన మూడింటితోనే. వాని నడుమ నున్న భేదము మొత్తముమీద 18 మీటర్లు మాత్రమే.

ఈ యంకె లెట్లు పుట్టినవో చూడవలెను. 1802లో లాంబ్టను దొర మద్రాసు పరంగిమల చెంత ఆధారరేఖను కొలిచి ప్రారంభించిన మహా త్రికోణమితి సర్వేలో కొండ కొమ్ములను స్థానములుగా నేర్పఱచి, థియొడొలైటుతో కోణములు చూచి, యెత్తులను లెక్కగట్టెడివారు. స్థానము నెన్నుకొనుటలో ముఖ్యమైనది అది తక్కిన స్థానములకు కనబడుటయే. కావున పటములో ముక్కోణపు గుర్తు ప్రక్క నున్న యంకె ఆ గుర్తు పాతిన చోటి యెత్తు. దానికి వంద గజముల దూరమున పొదలచాటున నింకొక బండ రెండు మీటర్లు మిన్నగా నుండిన నుండవచ్చును. సర్వేయరు తప్పు చేసినాడనరాదు. ఆయన పని వేఱు. కొండలపై సమోన్నత రేఖలను సాధారణముగా 20 మీటర్ల కొకటి చొప్పున గీయుదురు. మన మూడు కొండల నడుమ భేదమంతయు రెండు రేఖల నడుమ నుండు నెత్తుకన్న తక్కువే.

2000 ఫిబ్రవరిలో అమెరికా వ్యోమనౌక 11 దినములు రాడారుతో భూమిని కొలిచినది. ఆ లెక్కలు నేడెల్లరకు నుచితముగా లభించుచున్నవి. కాని అందు ఒక్కొక్క గడి 30 మీటర్ల వెడల్పు. గడిలోని కొనయు పల్లమును కలిసి యొక్క యంకె యగును. కొన యరిగిపోవును, చెట్ల తలలు నేలగా లెక్కకు వచ్చును. నిర్మాతలు తామే 16 మీటర్ల వఱకు తప్పు నంగీకరించిరి. ఇట్టి త్రాసుతో 8, 10 మీటర్ల తగవును తీర్చరాదు.

లేజరు కొలత యిట్లు కాదు. విమానమునుండి గాని, డ్రోనునుండి గాని కాంతి తునుకలను సెకనునకు లక్షల కొలది నేలపైకి విసరి, అవి తిరిగివచ్చిన కాలమును లెక్కింతురు. సెకనులో నూఱుకోట్లవ వంతున కాంతి 30 సెంటిమీటర్లు పోవును. పోకరాకలు రెండును గలవు గనుక అది 15 సెంటిమీటర్ల దూరమునకు గుర్తు. అడవిపై బడిన కాంతిలో కొంత ఆకులను తాకి ముందుగా వచ్చును, కొంత సందులలో దూరి నేలను తాకి వెనుక వచ్చును. ఆ వెనుక వచ్చినదే మనకు కావలసినది. ఉపగ్రహములలోను లేజరులు కలవు. 2018లో పంపిన ఐస్‌శాట్-2 అట్టిది. అయితే అది తన దారి వెంబడి గీతలుగా కొలుచుచు పోవును. శిఖరము రెండు గీతల నడుమ దాగవచ్చును. అందుచే విమానపు కొలతయే మేలు.

బిందువులలో నెత్తైనదానిని ఏరుకొన్న చాలునా? చాలదు. అది పక్షి కావచ్చును, చెట్టు కావచ్చును, కట్టిన గోపురము కావచ్చును. వీనిని తొలగించుటకు యంత్రగణకము జల్లెడ పట్టును. ఆ జల్లెడ యొక్కొకప్పుడు నిటారైన బండను గూడ చెట్టనుకొని తీసివేయును! కావున గణకము చూపిన రెండు మూడు చోట్లకు మనిషి యెక్కి, కండ్లతో చూచి, లెవెలుతో సరిచూడవలెను.

ఇక నెత్తు దేనినుండి కొలుచుట? మా యూరి ఉప్పుమళ్లలో పనిచేయువారికి మట్టపు విలువ చెప్పనక్కఱలేదు. మడి యించుక వాలిన చాలు, ఉప్పునీరు ఒక మూలకు చేరును. దేశమునకు గూడ నొక మట్టము కావలెను. 1909లో తొమ్మిది రేవుల సముద్రమట్టము లాధారముగా దానిని స్థిరపఱచిరి. అందు విశాఖపట్టణమును, ఓఢ్రతీరపు ఫాల్సుపాయింటును కలవు. ఉపగ్రహములు చెప్పు నెత్తు మాత్రము గణితకల్పితమైన దీర్ఘగోళమునుండి. మన తీరమున సముద్రతలము దానికి 60 మీటర్ల పైచిలుకు దిగువ నున్నది. సవరణ చేయనిచో మా ఉప్పుమడి గట్టుపై నిలిచినవాడు సముద్రగర్భమున నున్నట్లే లెక్క తేలును. ఇంగ్లండులో కాఫ్‌టాప్ అను కొండ 2,000 అడుగులకు, అనగా 609.6 మీటర్లకు, రెండు సెంటిమీటర్లు తక్కువ యని 2010లో తేలినది. ఆధారతలమును సవరించిన పిదప 2016లో 609.606 మీటర్లయి, ఆఱు మిల్లీమీటర్ల మిగులుతో పర్వతముల జాబితా కెక్కినది. కొండ కదలలేదు, కొలబద్ద మొదలు కదలినది.

దేవమాలి యొడిషాలోనిది, తక్కిన రెండును ఆంధ్రప్రదేశములోని అల్లూరి సీతారామరాజు జిల్లాలోనివి. ఒక్కొక్క రాష్ట్రము తన కొండను తన పద్ధతిని కొలిచిన నుపయోగము లేదు. మూడింటిని ఒకే ఆధారతలమునుండి, ఒకే విధమైన లేజరుతో, ఆకు రాలిన ఋతువున కొలువవలెను. 2021 ఫిబ్రవరి నిబంధనల తరువాత ఇట్టి సేకరణకు భారతీయ సంస్థలకు ముందస్తు అనుమతి యక్కఱలేదు. మన సంఘములును, విశ్వవిద్యాలయములును కోరిన పని జరుగనిది కాదు.

అంతవఱకు నేను నల్లబల్లపై మూడు పేర్లను, మూడంకెలను వ్రాసి, ప్రక్కన "ఎవరు కొలిచిరి? ఎక్కడ నిలిచి కొలిచిరి?" అని యొక ఖాళీ గడి విడుచుచున్నాను. పరీక్షలో నేది వ్రాయవలెనని పిల్లలు అడుగుచునే యున్నారు. ఆ బాలిక మార్కు మాత్రము తిరిగి రాలేదు.