మెలిపడే రబ్బరు

బొబ్బర్లంక నుంచి లొల్ల లాకుల దాకా కాలవ వెంట కారు నడిపితే చాలు, వెనక చక్రాల దగ్గర ఏ లోపం ఉన్నా బయటపడిపోతుంది. 1852లో గోదావరి మీద కాటన్ ఆనకట్ట పూర్తయ్యాక డెల్టా అంతటా కాలవలు విస్తరించాయి. ఆ కాలవ గట్లే చాలాచోట్ల మనకి రోడ్లయ్యాయి. అడుగున ఉన్నది నల్లమట్టి. వానలకి ఉబ్బుతుంది, ఎండలకి నెర్రెలు విచ్చుతుంది. పైన తారు ఎంత శ్రద్ధగా పరిచినా కొన్నాళ్లకి ఎత్తుపల్లాలు తేలక మానవు. ఆ కుదుపులన్నీ బండిలో ఓ చోటికి చేరతాయి. గుప్పిట్లో పట్టేంత రబ్బరు ముక్క అది. షెడ్డుల్లో దాన్ని బుష్ అంటారు.

స్విఫ్ట్ లాంటి కారుకి పొట్టి స్ప్రింగులు, గట్టి షాకబ్జార్లు, వెడల్పు టైర్లు వేయించి నేలకి దగ్గరగా దించుకోవడమంటే కుర్రాళ్లకి సరదా. బండి చూడముచ్చటగా ఉంటుంది. కొన్ని నెలలు గడిచాక గతుకు తగిలినప్పుడల్లా వెనక నుంచి టక్కుమని చప్పుడు మొదలవుతుంది. మలుపులో వెనక భాగం తనంతట తాను పక్కకి జరిగినట్టు అనిపిస్తుంది. అందరి అనుమానమూ ముందు షాకబ్జార్ల మీదికే పోతుంది. కొత్తవి వేయిస్తారు, డబ్బు ఖర్చవుతుంది, చప్పుడు మాత్రం పోదు, ఎందుకంటే లోపం బుష్‌లో ఉంది.

బుష్‌లో రెండు ఉక్కు గొట్టాలుంటాయి, ఒకదానిలో ఒకటి. మధ్య ఖాళీలో రబ్బరుని వేడిమీద రెండింటికీ అతికిస్తారు. బయటి గొట్టం, వెనక చక్రాన్ని బాడీకి కలిపే ఇరుసు చేతిలోకి బిగువుగా దిగుతుంది. లోపలి గొట్టాన్ని బోల్టు బండి బాడీకి కదలకుండా పట్టేస్తుంది. చక్రం పైకీ కిందికీ ఆడినప్పుడు ఏ గొట్టమూ దేనిమీదా జారదు, మధ్యనున్న రబ్బరే కొన్ని డిగ్రీలు మెలిపడి మళ్లీ విప్పుకుంటుంది. రాపిడి లేదు గనుక గ్రీజు అక్కర్లేదు.

ఇంత చిన్న వస్తువు వెనక పెద్ద కథే ఉంది. పచ్చి రబ్బరు ఎండకి జిగురవుతుంది, చలికి పెళుసుబారుతుంది. అమెరికాలో చార్లెస్ గుడ్‌ఇయర్ 1839లో గంధకం కలిపి వేడి చేస్తే ఆ దోషం పోతుందని కనిపెట్టాడు. 1844లో పేటెంట్ వచ్చింది, అయినా 1860లో అప్పులతోనే పోయాడు. గంధకం రబ్బరు అణువుల పొడవాటి గొలుసుల మధ్య ముళ్లు వేస్తుంది. అందుకే లాగి వదిలితే పాత రూపానికి వస్తుంది. తర్వాతి చిక్కు దాన్ని ఉక్కుకి అంటించడం. ఇత్తడి పూత వేస్తే అందులోని రాగి, రబ్బరులోని గంధకం కలిసి విడదీయరాని బంధం ఏర్పడింది. 1920ల్లో ఫ్రాన్స్ నుంచి సైలెంట్‌బ్లాక్ వచ్చింది. అందులో అతుకు లేదు, రెండు గొట్టాల మధ్య రబ్బరుని బలంగా నొక్కిపెట్టేవారు. 1931లో క్రైస్లర్ కంపెనీ ప్లిమత్ కారు ఇంజన్‌ని రబ్బరు దిమ్మల మీద కూర్చోబెట్టి అదురు తగ్గించింది. ఆ తర్వాత కార్లలో ఇనుము ఇనుముని తాకే చాలాచోట్ల రబ్బరు చొరబడుతూ వచ్చింది.

పాత పద్ధతి పూర్తిగా పోలేదు. రావులపాలెంలో అరటి గెలలు ఎత్తే లారీల కమాను కట్టల దగ్గర చూడండి. చాలావాటికి ఇప్పటికీ పిన్ను, గన్‌మెటల్ బుష్, గ్రీజు నిపుల్ కనిపిస్తాయి. గ్రీజు కొడుతూ ఉన్నంతకాలం అవి బరువుకి జంకవు. కారులో కూర్చున్నవాళ్లకి నిశ్శబ్దం కావాలి, అందుకే రబ్బరు.

ఆ రబ్బరుకి శత్రువులు చాలామంది. నూనె తగిలితే ఉబ్బి మెత్తబడుతుంది. గాలిలోని ఓజోన్ సాగి ఉన్న రబ్బరు మీద పగుళ్లు తెస్తుంది. అంతర్వేది, యానాం వైపు ఉప్పుగాలికి గొట్టం తుప్పుపడితే ఆ తుప్పు అంచులోంచి అతుకుని లేపేస్తుంది. దించిన బండిలో ఇవన్నీ తర్వాతి మాట. అసలు దెబ్బ బోల్టు దగ్గర తగులుతుంది.

బండి ఫ్యాక్టరీ ఎత్తులో నిలబడి ఉన్నప్పుడు మెలి సున్నా ఉండేలా బుష్ బిగిస్తారు. ఇరుసు చేయి పొడవు 40 సెంటీమీటర్లనుకుందాం. బాడీని 4 సెంటీమీటర్లు దించితే ఆ చేయి దాదాపు 6 డిగ్రీలు తిరుగుతుంది. లోపలి గొట్టం పాత కోణంలోనే బిగిసి ఉంది. అంటే బండి కదలకుండా షెడ్డులో ఉన్నా, రాత్రంతా రబ్బరు పిండిన తువాలులా మెలిపడే ఉంటుంది. గతుకులో పడినప్పుడు ఆ మెలి మీద మరో మెలి. అతుకు ఒక అంచు నుంచి చిరగడం మొదలవుతుంది.

మోరంపూడి వైపు ఓ షెడ్డులో ఇలాంటి బండి లిఫ్ట్ మీదుంటే చూశాను. చక్రాలు గాల్లో వేలాడుతున్నాయి. కుర్రాడు కొత్త బుష్‌లు దింపి బోల్టుకి స్పానర్ వేశాడు. మేస్త్రి ఆపాడు. "ఇప్పుడు బిగించకురా. తగిలించి వదిలెయ్. బండి దించి, నాలుగు చక్రాలూ నేలమీద ఆనాక బిగిద్దాం." బండి యజమాని, "పైనుంటేనే చెయ్యి పడుతుంది కదండీ" అన్నాడు. "చెయ్యి పడుతుందండి, బుష్ మిగలదు" అన్నాడు మేస్త్రి. పాత బుష్ తీసి చూపించాడు. ఒకవైపు రబ్బరు నున్నగా ఉంది, రెండోవైపు వేలి గోరు దూరేంత చీలిక. చక్రం గాల్లో వేలాడుతుండగా బిగించినా, బండి నిలబడే ఎత్తుకి అది తప్పు కోణంలో బిగించినట్టే. స్ప్రింగులు మార్చని బండిలోనూ కొత్త బుష్ తొందరగా పోవడానికి నేను చూసినంతలో ఇదే ముఖ్య కారణం.

చిరిగిన బుష్‌ని పట్టుకోవడం కష్టమేం కాదు. ఒకరు బండిని మెల్లగా ముందుకీ వెనక్కీ కదుపుతూ హ్యాండ్ బ్రేకు లాగాలి. ఇంకొకరు పక్కన దూరంగా కూర్చుని టార్చితో ఇరుసు చేయి బాడీని కలిసేచోట చూడాలి. రబ్బరు కొద్దిగా కదలడం సహజం. ఠక్కుమని జరిగితే చిరిగినట్టే. తర్వాత బండిని స్టాండ్ల మీద నిలిపి గడ్డపారతో నెట్టి నిర్ధారించుకోవచ్చు. జాకీ ఒక్కటే నమ్ముకుని కిందికి దూరకూడదు. వెనక టైర్లని చేత్తో తడిమితే అరుగుదల ఎగుడుదిగుడుగా తగలడం మరో గుర్తు.

పోటీ కార్లవాళ్లు రబ్బరు బదులు పాలియురెథేన్ వాడతారు. అది లోపలి గొట్టం మీద జారుతుంది గనుక కోణం బాధ లేదు. కానీ అది గట్టిది, గ్రీజు ఆరితే కిర్రుమంటుంది, కుదుపుని నేరుగా లోపలికి పంపుతుంది. పైగా స్విఫ్ట్ వెనక రెండు ఇరుసు చేతుల్నీ కలిపే టోర్షన్ బీమ్‌లో బుష్ ఒక్క దిక్కున మెలిపడితే సరిపోదు, పక్కలకీ కొంచెం ఒరగాలి; గట్టి పాలియురెథేన్ అంతగా ఒరగదు. మన గట్టు రోడ్ల మీద తిరిగే బండికి నేనైతే కొత్త రబ్బరే వేయిస్తాను, రెండువైపులా ఒకేసారి. చాలా బుష్‌ల రబ్బరులో కావాలని వదిలిన ఖాళీలుంటాయి, అవి ఏ దిక్కుకి ఉండాలో గుర్తు ఉంటుంది. పాతది ఊడదీయకముందే ఆ దిక్కుని ఇరుసు మీద సుద్దతో గీసుకోవాలి. కొత్త బుష్‌ని ప్రెస్‌తో దింపేటప్పుడు నూనె వద్దు, సబ్బునీళ్లు చాలు.